పాత గ్రామఫోన్ రికార్డుకి స్పిరిట్ వద్దు

తాతగారి 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే) రికార్డు కొత్త టర్న్‌టేబుల్ మీద గరగరమంటోంది, స్పిరిట్‌తో తుడవొచ్చా అని అడిగారు. దయచేసి వద్దండి. అది లక్కతో చేసిన రికార్డు, స్పిరిట్ తగిలితే లక్క కరిగి పాటే పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంటే తుడవండి. లేబుల్ తడవనివ్వకండి.

అసలు ఇబ్బంది సూదిది. ఎల్పీ (తర్వాత వచ్చిన వినైల్ రికార్డు) సూది మొన సుమారు 18 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్), 78 గాడికి దాదాపు 76 కావాలి. సన్న సూది గాడి అడుక్కి దిగి దుమ్మును గీకుతుంది. మీ కార్ట్రిడ్జ్‌కి (సూదిని పట్టి ఉంచే భాగానికి) సరిపడే 78 సూది కొనండి.

పాట చివర్లో గాయని తన పేరు చెబుతోందని కూడా అన్నారు, అది లోపం కాదు. అప్పట్లో మన రికార్డులు జర్మనీలోని హనోవర్‌లో తయారయ్యేవి. పాడిందెవరో అక్కడి వాళ్ళకు తెలియడానికి అలా చెప్పించేవారు. 1902లో కలకత్తాలో రికార్డుకి పాడిన ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ కూడా అలాగే చెప్పింది.