సైడ్‌కార్ ఉన్న బుల్లెట్‌కి ఖరీదైన షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేయిస్తే దూరప్రయాణాలు హాయిగా ఉంటాయా?

వేయించుకోండి, కాదనను. కానీ ముందు నేను చేసిన తెలివితక్కువ పని వినండి.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. బండి వెనక కాలెత్తి ఎక్కలేదు. కారెక్కితే తుక్కుగూడ దాటకముందే ప్లాస్టిక్ కవర్ అడుగుతుంది. అందుకని నా పాత క్లాసిక్ 350కి ఎడమవైపు సైడ్‌కార్, అంటే పక్కన ఒంటి చక్రంతో ఉండే తొట్టి, పెట్టించాను. (మీరూ పెట్టిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోండి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుంది, దాని గురించి చెప్పుకుంటూపోతే ఇంకో పురాణమవుతుంది.) తొట్టిలో కూర్చుంటే ప్రతి గుంతా నడుముకి తెలుస్తోందని అమ్మ గొడవ. "ఒరేయ్, ఎడ్లబండే నయంరా" అనేసింది. పౌరుషం వచ్చి, పక్కన చిన్న డబ్బాలు ఉండే గ్యాస్ షాకులు కొన్నాను. ఒరిజినల్ వాటికంటే మెత్తన, అంగుళం పొడుగు. సెల్లార్లో నలుగురూ వచ్చి చూసి వెళ్ళారు.

శ్రీశైలం వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. అక్కడ దర్శనం అయ్యాక పెద్దమ్మ కనబడింది. "నువ్వు పోరా, నేను అక్కతో రెండ్రోజులుండి బస్సులో వస్తా" అంది అమ్మ. బస్సులో మాత్రం వాంతులు రావట, అదేం కడుపో! నల్లమల రోడ్డు గేట్లు రాత్రి తొమ్మిదికి మూసేస్తే మళ్ళీ పొద్దున ఆరింటిదాకా తీయరు. ఆ టెన్షన్‌లో ఖాళీ తొట్టితో బయల్దేరాను.

డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఎక్కుతుంటే ఒక ఎడమ మలుపు. స్పీడు ముప్ఫై కూడా ఉండదు. పక్కన ఏదో లేస్తున్నట్టు అనిపించి చూద్దును కదా, తొట్టి చక్రం నా మోకాలి ఎత్తున గాల్లో తిరుగుతోంది! దాన్ని దించాలంటే హ్యాండిల్ కుడికి తిప్పాలి. తిప్పాను. భయంతో బ్రేక్ కూడా నొక్కాను. బ్రేక్ బండికే ఉంది, తొట్టికి లేదు. బండి ఆగబోతుంటే తొట్టి ముందుకు నెట్టింది, మొత్తం కుడికి కోసుకుపోయింది. ఎదురుగా ఆర్టీసీ బస్సు. డ్రైవర్ ముందే చూసి ఆపాడు కాబట్టి ఇది రాస్తున్నాను. కిటికీలోంచి తొంగిచూసి తిట్టలేదు. "తొట్టిల ఏం లేదా తమ్మీ? ఏదన్న బరువేసుకొని పో" అన్నాడంతే.

ఈగలపెంటలో హోటల్ అతన్ని బతిమాలి రెండు ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు కొన్నాను. అంటే నలభై కిలోలు. అమ్మ నాతో పంపించేసిన సంచీలో పాత చీర ఉంటే దాంతో రెండింటినీ సీటుకి కట్టాను. తొట్టి మళ్ళీ లేవలేదు. తొమ్మిదికి కాస్త ముందు మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర టార్చి వేసి చూసినాయన, "నీళ్ళను ఊరేగిస్తున్నవా?" అని నవ్వాడు.

మలక్‌పేటలో నాకు తెలిసిన మెకానిక్ బండి చుట్టూ ఒక్కసారి తిరిగి అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, అమ్మ కూసునేది ఏ చక్రం మీద, నువ్వు మార్చింది ఏ చక్రం షాకులు?" నా దగ్గర సమాధానం లేదు. అమ్మ నడుముకి తగిలేది మూడో చక్రం షాకు. నేను దాన్ని ముట్టుకోనే లేదు. పైగా వెనకవి మెత్తనవి వేశాను కాబట్టి ఎడమ మలుపులో బండి కుడికి ఇంకా వాలింది, పొడుగువి కాబట్టి బరువు ఇంకా పైకి లేచింది. టూవీలర్ మలుపులో లోపలికి వాలుతుంది, సైడ్‌కార్ బండి వాలదు, ఆ తోపంతా స్ప్రింగులే మోయాలి.

ఒరిజినల్ షాకులే మళ్ళీ బిగించి లావు కడ్డీ స్ప్రింగులు వేశాడు. స్ప్రింగు చుట్ల సంఖ్య, చుట్టు వ్యాసం అవే ఉంచి కడ్డీ 8 మిల్లీమీటర్ల నుంచి 9కి మారిస్తే గట్టిదనం దాదాపు 60 శాతం పెరుగుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు ముందు డబ్బాల షోకు ఎంత? తొట్టి షాకుకి మాత్రం మెత్తన స్ప్రింగు వేయించాం. రెండు అల్యూమినియం పట్టీలు చక్రాలకి ఆనించి, తొట్టి చక్రం ముందువైపు కాస్త లోపలికి ఉండేలా సరిచేశాడు. ఇది సరిగా లేకపోతే ఎంత షాకు వేసినా చేతులు లాగేస్తాయి, టైరు అరిగిపోతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మార్చమని యూట్యూబ్‌లో చెబుతారు. హ్యాండిల్ తేలికవుతుంది నిజమే, కానీ అది తర్వాతి సంగతి.

అయినా ఏ షాకైనా మన సిటీ స్పీడ్ బ్రేకర్లకి ఆగుతుందా? రోడ్ల ప్రమాణాలు పెట్టే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలత ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మా కాలనీలోవి కరెంటు స్తంభం పడుకోబెట్టినట్టు ఉంటాయి. బైకు మీద గుంత తప్పించుకోవచ్చు. మూడు చక్రాలకి మూడు దారులు, ఒకటి తప్పిస్తే ఇంకోటి పడుతుంది, ఆ పడేది అమ్మ చక్రమే.

ఆ గ్యాస్ షాకులు అమ్మకానికి పెట్టాను, ఎవరూ అడగలేదు. నీళ్ళ క్యాన్లు మాత్రం వాడుతున్నాను. ఒంటరిగా బయల్దేరిన రోజున నింపి, అదే చీరతో కట్టి తీసుకెళ్తాను.