మూత్రం రిపోర్టులో అన్నీ ‘ఆర్’ వచ్చాయి.. బాబును తాతయ్యకు దూరం పెట్టాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి 71 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే విశాఖలో ఆపరేషన్ చేయించాం. తర్వాత మూత్రం ఆగిపోతే పైపు వేసి ఇంటికి పంపారు. జ్వరం లేదు, అన్నం బాగానే తింటున్నారు. ఇక్కడ ల్యాబులో యూరిన్ కల్చర్ చేయిస్తే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందని, దాదాపు అన్ని మందుల పక్కన ‘ఆర్’ అని వచ్చింది. మందుల షాపులో సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ వాడమన్నారు. వాడాలా? మా నాలుగేళ్ల బాబు తాతయ్యను వదలడు. దూరం పెట్టాలా?
- ఓ పాఠకురాలు

జవాబు: ముందు బాబు సంగతి చెప్తానమ్మా. దూరం పెట్టకండి. తాతయ్య పక్కన కూర్చోవచ్చు, పడుకోవచ్చు. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా మూత్రం, మలం తగిలిన చేతుల ద్వారానే పాకుతుంది. మూత్రం బ్యాగు మాత్రం వాడికి అందనివ్వకండి. బ్యాగు ఖాళీ చేసే ముందూ తర్వాతా మీరు సబ్బుతో చేతులు కడుక్కోండి. గ్లవుజులు వేసుకున్నా సరే, కడుక్కోవాల్సిందే.

సెఫిక్సిమ్ వద్దు. ‘ఆర్’ ఉన్న మందుకు ఆ సూక్ష్మజీవి లొంగదు. పైగా మీరు రాసిన దాన్నిబట్టి నాన్నగారికి ఇప్పుడు ఏ యాంటీబయాటిక్ అవసరమూ కనిపించడం లేదు. పైపు ఉన్నవారి మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం రోజుకు 3 నుంచి 7 శాతం ఉంటుంది. నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ చేరుతుంది. చేరడం వేరు, జబ్బు చేయడం వేరు. బాధ లేని మనిషికి రిపోర్టు చూసి మందు వేస్తే మామూలు బ్యాక్టీరియా చచ్చి మొండివి మిగులుతాయి. రేపు నిజంగా జ్వరం వస్తే అప్పుడు పనిచేసే మందు దొరకదు. ప్రోస్టేట్ ఆపరేషన్ లాంటిది చేయాల్సి వస్తే మాత్రం ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. అది యూరాలజిస్టు చూసుకుంటారు.

అసలు శాంపిల్ ఎక్కడి నుంచి తీశారు? బ్యాగులోంచి పట్టి ఇచ్చి ఉంటే ఆ రిపోర్టును నమ్మలేం. పైపు వేసి 2 వారాలు దాటితే, దాన్ని మార్చి కొత్త పైపు నుంచి తీసిన మూత్రమే పంపాలి. అదీ జ్వరం లాంటి లక్షణాలు ఉంటేనే.

సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ రాసిన డాక్టర్, రోగి వివరాలు రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు ఉంచాలి. 2014 మార్చి నుంచి ఇదే నిబంధన. మీరు ఒడిశాలోని పర్లాకిమిడిలో కొన్నా, పొలిమేర దాటి ఆంధ్రలోని పాతపట్నంలో కొన్నా మారదు.

మీ ఇంటి సమస్య కొత్తదేమీ కాదు. ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన ఒక రోగి మూత్రంలోనూ ఇదే క్లెబ్సియెల్లా దొరికింది. అందులో ఎన్‌డీఎం-1 (ఇందులో ‘ఎన్‌డీ’ అంటే న్యూఢిల్లీ) అనే జన్యువు ఉన్నట్టు కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు తిమోతీ వాల్ష్ బృందం 2009లో ప్రకటించింది. ఐసీయూల్లో వాడే కార్బపెనెమ్ మందులను సైతం పనికిరాకుండా చేసే జన్యువది. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో రకం బ్యాక్టీరియాకు కూడా దూకుతుంది. 2011లో ప్రకటించిన మరో అధ్యయనంలో వాల్ష్ బృందం ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో, కుళాయి నీటి నమూనాలు 50 పరీక్షిస్తే 2లో ఈ జన్యువు కనిపించింది. ఆస్పత్రుల్లో కనిపించిన మొండితనం అప్పటికే ఊళ్లోకి వచ్చేసిందన్నమాట. ఆ జన్యువుకు ఢిల్లీ పేరు ఎందుకు పెట్టారని మన దేశంలో జరిగిన రభసలో సగమైనా ఆ నీళ్ల గురించి జరగలేదు. అదే నా బాధ.

నాన్నగారి దాంట్లో ఈ జన్యువు ఉందో లేదో మామూలు కల్చర్ రిపోర్టు చెప్పదు. కార్బపెనెమ్ రకం మందైన మెరోపెనెమ్ పక్కన కూడా ‘ఆర్’ ఉంటే అనుమానించాలి. ఏదైనా ఆ రిపోర్టు జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టండి. బరంపురం వెళ్లినా, శ్రీకాకుళం వెళ్లినా, మళ్లీ విశాఖే వెళ్లినా అడ్మిషన్ దగ్గరే చూపించండి. దాచొద్దు. ఇంట్లో బాబుకు లేని ముప్పు వార్డులో పక్క మంచం మీద పైపుతోనో, ఆపరేషన్ పుండుతోనో ఉన్నవారికి ఉంటుంది. ముందే తెలిస్తే సిబ్బంది జాగ్రత్త పడతారు, పనిచేసే మందు మొదటి రోజే ఎంచుకుంటారు.

చలితో జ్వరం, నడుం పక్కన నొప్పి, మగత, తికమకగా మాట్లాడటం, మూత్రం రాకపోవడం, రక్తం పడటం.. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందికే వేలాడాలి, నేలకు తగలకూడదు. నాన్నగారు లేచి నడుస్తుంటే పైపు తీసి చూడటం ఎప్పుడు కుదురుతుందో ఈ వారమే డాక్టర్ని అడగండి. కొన్నిసార్లు ముందు కొన్ని రోజులు ప్రోస్టేట్ మాత్రలు ఇచ్చి, ఆ తర్వాత తీస్తారు.