తెల్లవారుజామున మంచం పక్కన ఎవరో నిలబడ్డారు... హిప్నాసిస్ చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 31. బోస్టన్ దగ్గర ఐటీ ఉద్యోగం. కిందటి నెల న్యూ హాంప్‌షైర్ కొండల వైపు వెళ్లినప్పుడు, లింకన్ దగ్గర రోడ్డు పక్కన, గ్రహాంతరవాసులు తమను ఎత్తుకెళ్లారని చెప్పిన హిల్ దంపతుల గురించి పెట్టిన బోర్డు చూశాం. ఇంటికొచ్చి వాళ్ల కథంతా చదివాను. అప్పటి నుంచి మూడుసార్లు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. కాలూ చెయ్యీ కదల్లేదు, గొంతు పెగల్లేదు, మంచం పక్కన ఎవరో నిలబడినట్టు అనిపించింది. హిప్నాసిస్ చేయించుకుంటే అసలు సంగతి బయటపడుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? ఇండియా కాల్స్ వల్ల రాత్రి రెండు దాటితే గానీ పడుకోను.

జవాబు: హిప్నాసిస్ వద్దు. మీ ప్రశ్నలో నాకు ముఖ్యంగా కనబడింది ఆ చివరి వాక్యం.

మీకు వచ్చింది స్లీప్ పెరాలిసిస్ అయి ఉంటుంది. కలలొచ్చే నిద్రలో మనం కలలో చేసే పనులు మంచం మీద చేసెయ్యకుండా మెదడు కండరాలను వదులు చేసి ఉంచుతుంది. నిద్ర చాలకపోయినా, వేళ తప్పినా ఒక్కోసారి మెలకువ ముందొచ్చేస్తుంది, కండరాలు తేరుకోవడానికి కొన్ని సెకన్లో, ఒకటి రెండు నిమిషాలో పడుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, కల మాత్రం ఇంకా ఆగదు. మన ఊళ్లలో దయ్యం గుండెల మీద కూర్చుందనేది దీన్నే. మీరు ఆ బోర్డు చదివి వచ్చారు కాబట్టి గ్రహాంతరవాసి వచ్చాడు.

హిల్ దంపతుల సంగతి వేరు. 1961 సెప్టెంబర్ 19 రాత్రి భార్య బెట్టీ, భర్త బార్నీ కెనడా నుంచి న్యూ హాంప్‌షైర్‌లోని తమ ఊరు పోర్ట్స్‌మౌత్‌కు కారులో వస్తున్నారు. ఏదో వెలుగు తమ వెంటపడిందన్నారు, ఇల్లు చేరేసరికి తెల్లారింది. కానీ తమను ఎత్తుకెళ్లారన్న కథ ఆ రాత్రి పుట్టలేదు. పది రోజుల తర్వాత బెట్టీకి వరసగా పీడకలలు వచ్చాయి, ఆమె వాటిని రాసి పెట్టుకుంది. 1964లో బోస్టన్ సైకియాట్రిస్ట్ బెంజమిన్ సైమన్ ఇద్దరినీ విడివిడిగా హిప్నటైజ్ చేస్తే కథలు చాలావరకు కలిశాయి. జనం ఇక్కడిదాకానే చెప్పుకుంటారు. ఎత్తుకెళ్లడమన్నది బెట్టీ కలల్లోంచి వచ్చిందని, ఆమె చెప్పగా విన్నదే బార్నీ మనసులో నాటుకుందని తేల్చింది కూడా ఆ డాక్టరే. హిప్నాసిస్‌లో జ్ఞాపకం రికార్డు చేసిన వీడియోలా తిరగదు. ఖాళీలను ఊహ నింపుతుంది, పైగా అదే నిజమన్న ధీమా ఇస్తుంది. మీ ఫ్రెండ్‌కు ఈ ముక్క చెప్పండి.

నాకు బార్నీని తలచుకుంటే జాలి. రాత్రి డ్యూటీ, రోజూ పోర్ట్స్‌మౌత్ నుంచి బోస్టన్‌కు ప్రయాణం, కడుపులో అల్సర్, బీపీ. ఆయన నల్లజాతీయుడు, భార్య శ్వేతజాతీయురాలు. అలాంటి పెళ్లిళ్లను ఆ రోజుల్లో చాలా రాష్ట్రాలు నిషేధించాయి. అంత టెన్షన్ మోసే మనిషికి చీకటి రోడ్డు మీద భయమేయడానికి ఆకాశంలో వెలుగే రావాలా?

ఇక మీ విషయం. రోజూ ఒకే వేళకు పడుకుని, ఒకే వేళకు లేవండి, ఏడు గంటలు తగ్గకుండా నిద్రపోండి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి. సాయంత్రం తర్వాత కాఫీ వద్దు. మళ్లీ అలా జరిగితే పెనుగులాడకండి, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ ఒక్క వేలు కదపడానికి ప్రయత్నించండి, దానంతటదే విడిపోతుంది. వారానికోసారి కంటే ఎక్కువగా వస్తున్నా, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పినా, పగలు మీటింగ్‌లో కునుకు వస్తున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలుతున్నా స్లీప్ స్పెషలిస్ట్‌ను కలవండి. ఆలోపు ఆ కాల్స్‌ను వారంలో రెండు రోజులకైనా కుదించమని ఆఫీసులో అడిగి చూడండి.