లాన్ బౌల్స్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందే బౌల్స్ కొనుక్కోవాలా?

40 దాటాయి, ఏ ఆటా ఆడిన అలవాటు లేదు, ఇప్పుడు లాన్ బౌల్స్ (గడ్డి మీద బౌల్స్ అనే బరువైన బంతులు దొర్లించే ఆట) మొదలుపెడితే నవ్వుతారేమో, సొంత బౌల్స్ లేకుండా వెళ్తే బాగుంటుందా అని కదా మీ డౌట్. నవ్వుతారండీ, ఒక్క రోజు. నన్ను చూసి కూడా నవ్వారు, ఆ నవ్విన వాళ్లే తర్వాత పక్కన నిలబడి నేర్పించారు. కొనడం మాత్రం ఇప్పుడే వద్దు.

నా మొదటి రోజు ఏమైందంటే, జాక్ (అదే, ఎదురుగా ఉండే చిన్న బంతి, బౌల్‌ని దాని దగ్గరికి చేర్చడమే ఆటంతా) వైపు చూడకు, బాగా కుడిపక్కకి వదులు, అదే తిరిగొస్తుంది అన్నారు. వదిలా. అది తిరగడమైతే తిరిగింది కానీ ఇంకా కుడికి తిరిగి పక్క రింక్‌లో (అంటే పక్క ఆట జరిగే పట్టీలో) ఆడుతున్న వాళ్ల కాళ్ల మధ్యకి పోయింది. బౌల్‌కి రెండు పక్కలా గుర్తులుంటాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చిన్న గుర్తు ఎటుంటే అటే వంగుతుంది, దాన్నే బయాస్ అంటారు. లోపల ఏదో బరువు పెట్టారనుకున్నా నేను, కాదు, చెక్కిన ఆకారమే అలా ఉంటుంది. కుడిచేత్తో ఫోర్‌హ్యాండ్ (కుడిపక్కకి వదలడం) వేస్తే చిన్న గుర్తు ఎడమ వైపు ఉండాలి, బ్యాక్‌హ్యాండ్ (ఎడమపక్కకి వదలడం) అయితే కుడి వైపు. ఇప్పటికీ ప్రతిసారీ వదిలేముందు ఒకసారి గుర్తు చూసుకుంటా, సిగ్గేం లేదు.

ఇంకోటి, బౌల్ స్పీడ్‌గా ఉన్నప్పుడు పెద్దగా వంగదు, నెమ్మదించే కొద్దీ వంపు ఎక్కువవుతుంది. అందుకే సగం దారిలో చూసి అయ్యో బయటికి పోయింది అనుకుంటాం, చివర్లో చక్కగా లోపలికొచ్చి ఆగుతుంది.

ఇక అసలు చెప్పాలనుకున్నది, మొదటి రెండు నెలలు దూరం మీదే పడండి, లైన్ (బౌల్ వెళ్లే దిశ) సంగతి తర్వాత. జాక్ మ్యాట్ (మనం నిలబడి వేసే చిన్న చాప) నుంచి కనీసం 23 మీటర్లు ఉండాలి, అంత దూరంలో కొత్తవాళ్ల లైన్ తప్పితే ఒక మీటరో మీటరున్నరో తప్పుతుంది, దూరం తప్పితే నాలుగైదు మీటర్లు పోతుంది. నేనేమో ఆ వంపు ఎంత ఇవ్వాలా అని నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా, అన్నీ పొట్టిగానే ఆగేవి. తర్వాత ఒక పెద్దావిడ జాక్ తీసేసి, నాలుగు బౌల్సూ ఎక్కడికైనా వెయ్యి, కానీ నాలుగూ ఒకే దూరంలో ఆగాలి అంది. చాలా బోర్ కొట్టే ప్రాక్టీస్, కానీ నాకు ఆట వచ్చింది దానితోనే. చేతి బలంతో తొయ్యకండి, చెయ్యి ఎంత వెనక్కి తీసుకెళ్తామో దాన్నిబట్టే దూరం. నేల దగ్గరగా వంగి వదలండి, పైనుంచి పడేస్తే గడ్డి పాడవుతుంది, గ్రీన్ (అదే, ఆడే గడ్డి మైదానం) చూసుకునే వాళ్లు ఊరుకోరు. వదిలేటప్పుడు ఒక కాలు మ్యాట్ మీద గానీ దానిపైన గాల్లో గానీ ఉండాలి. అరికాలు చదునుగా ఉన్న బూట్లు తప్పనిసరి.

టీమ్‌లోకి తీసుకుంటే ఫోర్స్‌లో (టీమ్‌కి నలుగురు ఆడే ఆట) చాలాసార్లు లీడ్‌గా పెడతారు, అంటే మ్యాట్ పరిచి, జాక్ దొర్లించి, మొదటి బౌల్స్ వెయ్యడం. మనిషికి రెండే బౌల్స్. అవతలి చివర స్కిప్ (టీమ్ కెప్టెన్) ఏ చేత్తో చూపిస్తే అటు వెయ్యడమే, వాదించొద్దు. రూల్స్ ఆడుతూ ఉంటే వచ్చేస్తాయి, ఒక్కటి మాత్రం ముందే చెప్తా: జాక్‌ని తాకి ఆగిన బౌల్‌కి చాక్‌పీస్‌తో గీత పెడతారు, అది తర్వాత డిచ్‌లో (గ్రీన్ చివర ఉండే కాలువలాంటి గుంటలో) పడినా లెక్కలోనే ఉంటుంది. నేను ఆ గీత చూడకుండా డిచ్‌లోంచి తీసి గట్టు మీద పెట్టేశా, అది మా టీమ్‌దే!

బౌల్స్ సంగతి. సైజులు 00 నుంచి 5 దాకా ఉంటాయి, బరువు ఒకటిన్నర కేజీ దాకా. రెండు చేతుల బొటనవేళ్లు, మధ్యవేళ్లు బౌల్ చుట్టూ పెడితే ఆ చివరా ఈ చివరా కలవాలి, అదీ లెక్క, కానీ పట్టు కుదిరిందో లేదో ఆడితేనే తెలుస్తుంది. క్లబ్బుల్లో ఊరికే వాడుకోడానికి పాత సెట్లు దాదాపు ఎప్పుడూ ఉంటాయి, అడిగి రకరకాల సైజులు ట్రై చెయ్యండి. నేను ఆరు నెలలు అలాగే ఆడి అప్పుడు కొన్నా, చివరికి కొన్నది మొదట్లో మోజుపడ్డ దానికన్నా రెండు సైజులు చిన్నది.