పెట్టె సర్దినా కుదుటపడని మనసు

ప్రశ్న: మరో పది రోజుల్లో మా ఇంట్లో ఐదుగురం కలిసి వారం రోజుల యాత్రకు బయలుదేరుతున్నాం. మా అత్తగారికి రక్తపోటు, మధుమేహం ఉన్నాయి, చిన్నవాడికి నాలుగేళ్లు. టికెట్లు, బస అన్నీ ఖరారయ్యాయి. అయినా సర్దిన పెట్టెనే రోజుకు నాలుగుసార్లు విప్పి చూస్తున్నాను, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, పిల్లల మీద ఊరికే విసుక్కుంటున్నాను. మావారు "అన్నీ అయ్యాయి కదా, ఇంకా దేనికి కంగారు?" అంటున్నారు. ఇదేమైనా జబ్బా? ప్రయాణం మానుకుంటే బాగుండుననిపిస్తోంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినంతవరకు చూస్తే ఇది జబ్బులా లేదు. ఐదుగురి అవసరాలను ఒక్క బుర్రలో మోస్తున్న మనిషికి కలిగే ఆందోళన ఇది. ప్రయాణం మానుకుంటే ఆ క్షణానికి ఊరట దక్కుతుంది కానీ, భయపడిన ప్రతిసారీ తప్పుకోవడమే మార్గమని మనసు నేర్చుకుంటుంది కనుక వచ్చేసారి ఇంకా చిన్న ప్రయాణానికే ఇంతకన్నా ఎక్కువ బెంగ పుడుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది పెట్టె సంగతి. విప్పి చూసుకుంటే అనుమానం తీరుతుందని మనం అనుకుంటాం, జరిగేది దానికి విరుద్ధం. నెదర్లాండ్స్‌కు చెందిన మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో కొందరి చేత కంప్యూటర్ తెర మీది గ్యాస్ పొయ్యిని పదేపదే తనిఖీ చేయించారు. చివరిసారి ఏం చూశారో వాళ్లకు సరిగానే గుర్తుంది, కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం సడలింది. అంటే నాలుగోసారి పెట్టె విప్పినప్పుడు మీరు ఐదోసారికి దారి వేస్తున్నారన్నమాట. అందుచేత వస్తువుల పట్టిక ఒకటి కాగితం మీద రాసి, పెట్టెలో పెట్టినదాన్ని పెట్టినప్పుడే టిక్కు కొట్టి, పెట్టె మూశాక ఆ కాగితాన్ని దాని మూతకు అంటించండి. అనుమానం వచ్చినప్పుడు కాగితాన్ని చూడండి, జిప్పు జోలికి వెళ్లకండి. మొదటి రెండు రోజులు చెయ్యి ఆగడం కష్టమే.

అత్తగారి మందుల విషయంలో మాత్రం మీ జాగ్రత్త సబబే. అవి పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో, డాక్టరు రాసిచ్చిన చీటీ నకలుతో సహా, తిరుగు ప్రయాణం ఆలస్యమైనా సరిపోయేలా రెండు మూడు రోజులకు అదనంగా ఉండాలి. ఇది ఒక్కసారి చేస్తే తీరిపోయే పని. "అక్కడ ఆవిడకు ఏమైనా అయితే?" అన్న ఆలోచనకు అలాంటి ముగింపు లేదు. దగ్గర్లోని ఆసుపత్రి చిరునామా, ఫోన్ నంబరు రాసిపెట్టుకోవడంతో అందులో మీరు చేయగలిగింది అయిపోతుంది, మిగిలేది బెంగే. ఆ బెంగకు ఒక వేళ కేటాయించండి. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన పద్ధతి ఇది: రోజూ ఒకే చోట, ఒకే సమయంలో అరగంట కూర్చుని కావాలనే ఆందోళన పడాలి, మిగతా వేళల్లో ఆలోచన వస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేయాలి. వినడానికి నవ్వు రావచ్చు. కానీ ఆలోచనను అణచడం కన్నా వాయిదా వేయడం తేలిక, పైగా సాయంత్రానికి వాటిలో సగం మీకే చప్పగా అనిపిస్తాయి.

నిద్ర కోసం, పడుకునే ముందు ఐదు నిమిషాలు మర్నాడు చేయవలసిన పనులను విడివిడిగా రాయండి. 57 మంది మీద జరిపి 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, అలా రాసినవాళ్లు, అప్పటికే చేసేసిన పనులు రాసినవాళ్ల కన్నా సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. కాఫీ, టీలు మధ్యాహ్నంతో ఆపేయండి. గుండె దడగా ఉంటే ఊపిరి తీసుకునేదాని కన్నా నెమ్మదిగా వదలండి.

ఇక మీవారి మాట. "ఎందుకు కంగారు" అనడం ఓదార్పు కాదు, అది ఆయన భాగం కాదని చెప్పడమే. పట్టికను రెండుగా విడగొట్టి టికెట్లు, గుర్తింపు పత్రాలు, చిన్నవాడి సామాను పూర్తిగా ఆయనకు అప్పగించండి. అప్పగించాక మీరు వెనక నుంచి తనిఖీ చేయకూడదు. ఆయన ఒక జత చెప్పులు మరిచిపోతే మరిచిపోనివ్వండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి.

తిరిగి వచ్చాక కూడా ఈ బెంగ ఏదో ఒక విషయం పట్టుకుని దాదాపు రోజూ ఆరు నెలల పాటు కొనసాగినా, లేదా అంతకు ముందే నిద్రలేమితో ఇంటిపని, ఉద్యోగం కుంటుపడినా మానసిక వైద్యులను కలవండి. తరచూ ఛాతీలో దడ, ఆయాసం వస్తుంటే మాత్రం అంతకాలం ఆగక, బయలుదేరే ముందే మీ డాక్టరుకు చూపించుకోండి.