దెయ్యం ఏదండీ? – మీ సినిమా ప్రశ్నలకు ఆపరేటర్ జవాబులు

విజయనగరంలో ముప్పై ఏళ్లు సినిమా హాలు ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటర్ నిర్వహిస్తున్న శీర్షిక

ప్రశ్న: ఆపరేటర్ గారూ, నమస్తే. ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ మొదటి భాగం చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ ఊపులో రెండో భాగం పెట్టుకున్నాను. మధ్యలో లేచి అన్నం తిని వచ్చాను. అదే అడవి, అలాంటి కుర్రాళ్లే. ఇంత తేడా ఎందుకు?
– డిగ్రీ విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: అమ్మా, భయం పట్టుకున్న మనిషికి ఆకలి వెయ్యదు. మీకు వేసిందంటే సినిమాయే ఎక్కడో మీ చెయ్యి వదిలేసింది.

మొదటి సినిమా 1999లో వచ్చింది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, బర్కిట్స్‌విల్ అనే చిన్న ఊరు. అక్కడి అడవిలో ఒక మంత్రగత్తె ఉందని చెప్పుకుంటారు. ఆమె మీద డాక్యుమెంటరీ తీయడానికి వెళ్లిన ముగ్గురు విద్యార్థులు తప్పిపోతారు. తర్వాత వాళ్ల కెమెరాల్లో దొరికిన ఫుటేజీనే మనం చూస్తున్నామన్నమాట. షూటింగ్ ఎనిమిది రోజులు. కెమెరాలు పట్టుకున్నది నటులే. దర్శకులు డేనియల్ మైరిక్, ఎడ్వార్డో శాంచెజ్ వాళ్ల కంట పడకుండా ఉండి, ఎటు వెళ్లాలో చీటీలు రాసి పెట్టేవారు. రోజురోజుకీ తిండి తగ్గించారు. రాత్రిపూట టేపులో పిల్లల గొంతులు వినిపించారు, నిద్రపోతున్నవాళ్ల టెంటు పట్టుకుని ఊపారు. ఇంతా చేసి సినిమా మొత్తంలో మంత్రగత్తె ఒక్కసారి కూడా కనపడదు. రాళ్ల కుప్పలు, పుల్లలు కట్టి వేలాడదీసిన బొమ్మలు, చివర్లో గోడ మూలకి ముఖం పెట్టి నిలబడ్డ ఒక మనిషి వీపు. అంతే.

నేనది 2001లో వీసీడీ అద్దెకు తెచ్చుకుని చూశాను. రోజుకి పది రూపాయలు. ఇంగ్లీషు సగమే అర్థమైంది, భయం మాత్రం మొత్తం అర్థమైంది. మొదటి డిస్క్ అయిపోయి రెండోది పెడదామని లేచానో లేదో, పెరట్లో కొబ్బరి మట్ట ఊడి పడింది. మా ఆవిడ ‘ఇంక ఆపీండి’ అని టీవీ స్విచ్ కట్టేసింది. మిగతా సగం మర్నాడు పొద్దున్న, కిటికీలన్నీ తీసి చూశాం.

రెండో భాగం 2000 అక్టోబర్‌లోనే వచ్చేసింది, మొదటిది వచ్చిన పదిహేను నెలలకి. జో బెర్లింగర్ అనే డాక్యుమెంటరీ దర్శకుడికి అప్పగించారు. ఆయన ఎత్తుకున్న ఆలోచన చాలా గొప్పది, ఈ మాట ఎవరి ముందైనా అంటాను. మొదటి సినిమా చూసి మోజుపడి ఆ ఊరికి టూరిస్టులుగా వచ్చిన కుర్రాళ్ల కథ అది. బయట నిజంగానే జనం బర్కిట్స్‌విల్ మీద ఎగబడ్డారు, ఊరి పేరున్న బోర్డులు పీక్కుపోయారు. ఆయన దాన్నే కథలోకి తెచ్చాడు. ఐదుగురు పాడుబడ్డ ఇంటి పునాదుల దగ్గర కెమెరాలు బిగించి రాత్రి గడుపుతారు. తెల్లారి చూస్తే కెమెరాలు పగిలి ఉన్నాయి, ఐదు గంటలు ఏం జరిగిందో ఒక్కరికీ గుర్తులేదు. టేపులు మాత్రం దొరికాయి. తాము చేసింది ఒకటి, టేపులో కనపడేది ఇంకొకటి. అడవికి వెళ్లేటప్పుడే మనసులో ఏదో మోసుకెళ్లారు, అక్కడ అదే దొరికింది.

మరి ఎక్కడ చెడింది? సినిమా కంపెనీకి ధైర్యం చాల్లేదు. నెత్తురు షాట్లు తీయించి మధ్య మధ్యలో ఇరికించారు. చివర్లో ఒక్కసారిగా రావాల్సిన పోలీసు విచారణను ముక్కలు చేసి మొదటి నుంచీ చల్లేశారు. నేను అనుకున్నది అది కాదని దర్శకుడే తర్వాత చెప్పుకున్నాడు. ఏదో నేరం జరిగిందని పదో నిమిషానికే తెలిసిపోతే, అడవిలో చీకటి ఇంకేం చేస్తుంది?

ఇలాంటిది నా చేతిలోనే జరిగింది. ఒక్కో రీలు ఇరవై నిమిషాలు. తెర కుడి మూలన పైన చిన్న చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్ అందుకోవాలి. ఒక రాత్రి రెండో ఆటకి డబ్బాలు తారుమారై, నాలుగో రీలు ఎక్కాల్సిన చోట ఐదోది ఎక్కింది. హంతకుడెవరో చెప్పేసే రీలు అది. జనం అరవలేదు, కుర్చీలు విరగ్గొట్టలేదు. మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కేబిన్ కిటికీలోంచి ఆ గుసగుసలు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. నాలుగో రీలు వెనక్కి తెచ్చి వేశాను, కానీ ఆ హాలు మళ్లీ నిశ్శబ్దం కాలేదు.

ప్రశ్న: ‘బ్లెయిర్ విచ్’ నిజంగా జరిగిన కథ అని మా తమ్ముడు పందెం కాశాడు. ఎవరు గెలిచినట్టు?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: మీరే గెలిచారు. ఊరు నిజం, మంత్రగత్తె కథ పూర్తిగా కల్పన. కానీ మీ తమ్ముణ్ని తప్పుపట్టకండి. విడుదలకి ముందే ఇంటర్నెట్‌లో కథంతా నిజమన్నట్టు పెట్టారు, ‘కనబడుటలేదు’ అని ముగ్గురి ఫొటోలతో పోస్టర్లు అంటించారు. నటులు సొంత పేర్లతోనే నటించారు. హెదర్ అనే నటి తల్లికి జనం సంతాపం కార్డులు పంపారు. కూతురు బతికుండగానే! ఆ తల్లి ఆ కవర్లు ఎలా విప్పిందో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇంకొకటి. ఆ సినిమా ప్రపంచం మొత్తం మీద దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. కెమెరా మోసి, ఆకలితో అడవిలో పడుకుని, మాటలు కూడా తామే అల్లుకున్న ఆ ముగ్గురూ తమకు న్యాయంగా రావాల్సింది ఇవ్వమని 2024లో కూడా బహిరంగంగా అడగాల్సి వచ్చింది. నాకైతే ఆ సినిమా మొత్తంలో బాధపెట్టే విషయం ఇదే.

ప్రశ్న: 2016లో వచ్చిన భాగం చూడొచ్చా?
– రాజాం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఒకసారి చూడొచ్చు. తప్పిపోయిన అమ్మాయి తమ్ముడు ఇన్నేళ్ల తర్వాత అక్కని వెతుక్కుంటూ స్నేహితులతో అదే అడవికి వెళ్తాడు. చెవికి తగిలించుకునే కెమెరాలు, డ్రోన్, అన్నీ ఉంటాయి. అక్క కోసం తమ్ముడు వెళ్లడం మంచి కారణం. కానీ చెవులు పగిలే చప్పుళ్లు ఎక్కువ. ఉలిక్కిపడతారు, ఇంటికి వచ్చాక హాయిగా నిద్రపోతారు.

ప్రశ్న: అయ్యా, నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. మా ఊరి చివర ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. కుర్రాళ్లు రాత్రిపూట టార్చి వేసి ఆమె ఇంటిని, ఆమెని ఫోన్‌లో తీసి, దెయ్యం సంగీతం పెట్టి, ‘చేతబడి చేసే చిల్లంగి ముసల్ది’ అని అందరికీ పంపారు. ఇప్పుడామె కొట్టుకి కూడా రావడం లేదు. ఇదంతా ఇలాంటి సినిమాల వల్లే కదా?
– శృంగవరపుకోట మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

సినిమాల వల్లే అనలేను. చిల్లంగి భయం సినిమా కంటే పాతది. మా అమ్మమ్మ ఊళ్లో ఒక తాత ఉండేవాడు. ఎవరింట్లోనో పసిబిడ్డ పోతే ఈయనే చిల్లంగి పెట్టాడని పట్టుకుని ముందు పళ్లు రాలగొట్టారట. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదని ఒక నమ్మకం. నేను చూసేనాటికి ఆయన అంబలి తప్ప ఏమీ తాగలేడు. నన్ను ‘బాబూ’ అని పిలిస్తే ‘బా’ తర్వాత గాలి మాత్రమే వచ్చేది. జొన్న కంకి కాల్చి నాకిచ్చి, నేను తింటుంటే చూసేవాడు. ఆ ఊరివాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. పండక్కి మాకు అరిసెలు పెట్టినవాళ్లే.

ఆ కుర్రాళ్లు బ్లెయిర్ విచ్ చూశారంటే వాళ్లకి అందులోని పాత కథ గుర్తు చెయ్యండి. 1785లో ఎల్లీ కెడ్‌వర్డ్ అనే ఆడమనిషి మీద ఊరి పిల్లలు నేరం మోపితే, పెద్దలు విచారించి ఆమెని గడ్డకట్టే చలిలో అడవికి తోలేస్తారు. ఆ తర్వాతే శాపాలూ, చావులూ. కల్పించిన కథే, కానీ రాసినవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. ఆ ఊరు మొదట చేసింది ఒక ఒంటరి మనిషిని వెళ్లగొట్టడం.

వెంటనే చెయ్యాల్సినవి చెప్తాను. ఆ వీడియో ఎవరెవరి దగ్గరికి వెళ్లిందో కనుక్కుని తీయించండి. మీరొక్కరే వెళ్లొద్దు, సర్పంచ్‌నీ, స్కూలు మాస్టారినీ వెంటబెట్టుకోండి. ఊళ్లో ఎవరికైనా జ్వరమో, పశువు చావో వచ్చిందంటే ఆమె మీదికి పోతారు, కాబట్టి స్టేషన్‌లో ముందే చెప్పి ఉంచండి. గొడవ మొదలైతే 112కి ఫోన్ చెయ్యండి. అన్నిటికంటే ముందు, రేపు పొద్దున్న మీరు సామాన్లు పట్టుకుని ఆమె అరుగు మీద అందరికీ కనపడేలా కూర్చోండి. అంగన్‌వాడీ అమ్మ కూర్చున్న అరుగు అంటే ఊళ్లో ఆడవాళ్లకి నమ్మకం. ఏం జరిగిందో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: నమస్తే సార్. మేం నలుగురం ఫ్రెండ్స్. బ్లెయిర్ విచ్ రెండో భాగం స్టైల్లో ఒక షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం. మందస వైపు జీడి తోటల్లోకి ఏప్రిల్‌లో రాత్రి వెళ్లి ఫోన్లతోనే తీస్తాం. భయం బాగా రావాలంటే ఏం చెయ్యాలి?
– బీఎస్సీ రెండో సంవత్సరం, పలాస

జవాబు: బాబూ, మీ నలుగురూ సినిమా తీస్తామంటే నాకెంత సంతోషమో చెప్పలేను. అందుకే ముందు గట్టిగా ఒక మాట. ఏప్రిల్‌లో రాత్రి ఆ తోటల్లోకి వెళ్లకండి. మీది జీడి తోటల ఉద్దానం ప్రాంతం కాబట్టి మీకే బాగా తెలియాలి, జీడిపండ్లు రాలే రోజుల్లో ఆ వాసనకి ఎలుగులు దిగుతాయి. ఎలుగుకి కంటిచూపు తక్కువ. దగ్గరికి వచ్చేదాకా మనిషిని గుర్తుపట్టదు, గుర్తుపట్టాక ముఖం మీదికి లేస్తుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒక రైతు ప్రాణమే పోయింది, ఇంకొందరికి గాయాలయ్యాయి. మీ ఫోన్ లైటుకి ఎలుగు భయపడదు. రిజర్వు ఫారెస్టులోకైతే అనుమతి లేకుండా అసలు అడుగే పెట్టకూడదు.

మీలో ఎవరిదైనా సొంత తోట ఉంటే, ఇంటికి దగ్గరగా, పెద్దవాళ్లలో ఒకరిని ఉంచుకుని, పొద్దు వాలే వేళ ఆ అరగంటలో తీసుకోండి. వెలుతురు తగ్గించి తీస్తే రాత్రిలాగే ఉంటుంది. బూట్లు తప్పనిసరి, ఆకుల కింద పాములుంటాయి.

ఇక భయం సంగతి. మీ కథలో కెమెరా పట్టుకున్నవాడు ప్రాణభయంతో పరిగెడుతున్నాడు కదా, మరి ఫోన్ ఎందుకు పారెయ్యడు? దీనికి జవాబు లేకుండా మొదటి షాట్ కూడా తీయకండి. మొదటి సినిమాలో ఆ అమ్మాయికి కెమెరా తప్ప ఆసరా లేదు. దాంట్లోంచి చూస్తున్నంతసేపు ఎదురుగా ఉన్నది పూర్తిగా నిజం కాదనిపిస్తుంది. రెండో సినిమాలో, తాము ఏం చేశారో తెలుసుకోవడానికి టేపు ఒక్కటే దారి. మీవాడికి కూడా అంత అవసరం ఉండాలి. లైకుల కోసమైతే చూసేవాడు నమ్మడు.

రెండోది శబ్దం. బొమ్మ ఎలా ఉన్నా క్షమిస్తారు, చప్పుడు బాగాలేకపోతే లేచిపోతారు. ముప్పై ఏళ్లు కేబిన్ కిటికీలోంచి జనాన్ని చూసి చెప్తున్న మాట ఇది. మీకు దేవుడిచ్చిన శబ్దం మీ తోటలోనే ఉంది. ఎండిన జీడి ఆకు వెడల్పుగా, మందంగా ఉంటుంది. అడుగేస్తే అప్పడం విరిగినట్టు వినపడుతుంది. చిత్రమేంటంటే, దాని మీద తొండ పరిగెత్తినా మనిషి నడిచినట్టే ఉంటుంది. పొద్దుటి పూట ఫోన్ నేల మీద పెట్టి, అందరూ దూరంగా వెళ్లిపోయి, పావుగంట రికార్డు చెయ్యండి. ఇంటికి వచ్చి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. అక్కడ ఎవరూ లేరని మీకు తెలుసు. అయినా వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. అమెరికా దెయ్యం సంగీతం డౌన్‌లోడ్ చెయ్యనక్కర్లేదు.

కథ కోసం కూడా అంత దూరం పోవద్దు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మీ దగ్గరే తీరం దాటింది. ఎన్ని కొబ్బరి చెట్లు, ఎన్ని జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయో మీ ఇళ్లల్లో చెప్తారు. ఒక తాత ఉన్నాడనుకోండి. ఆయన తోట మొత్తం ఆ రాత్రి పోయింది. ఇప్పటికీ ప్రతి రాత్రీ లాంతరు పట్టుకుని వెళ్లి, లేని చెట్లని లెక్కపెట్టి వస్తాడు. మనవడు ఒకరోజు ఫోన్‌తో వెనకాలే వెళ్తాడు. వీడియోలో తాత ఎప్పటిలాగే లెక్కపెడుతున్నాడు, కానీ ఆకుల చప్పుడు వినపడుతోంది. నేల మీద ఒక్క ఆకు లేదు. ఇంతకంటే నేను చెప్పకూడదు, మిగతాది మీరు అల్లుకోండి.

దెయ్యాన్ని మాత్రం చూపించకండి. హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు కొందరు ‘దెయ్యం ఏదిరా, డబ్బులు పోయాయి’ అంటారు, ఆ మాట పడండి. అన్నవాళ్లే ఇంటికెళ్లి పెరటి తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటారు.

సినిమా పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌లో పెట్టి పత్రిక ఆఫీసుకి పంపండి. రాత్రి తొమ్మిది దాటాక లైట్లన్నీ ఆపేసి చూస్తాను.