క్రికెట్ కోసం ప్రైవేటు స్కూల్‌కి మార్చాలా?

ప్రశ్న: గుంటూరు నుంచి వచ్చి లెస్టర్‌లో స్థిరపడ్డాం. మా బాబుకి పన్నెండేళ్లు. గవర్నమెంటు స్కూల్లో చదువుతూ కౌంటీ అండర్-13 జట్టుకి ఆడుతున్నాడు. పైకి రావాలంటే ప్రైవేటు స్కూల్ తప్పదని క్లబ్‌లో అంటున్నారు. అన్నీ అమర్చిపెడితే ఇక కసి ఎక్కడుంటుందని మావారు. అప్పు చేసైనా చేర్పించాలా? – ఓ తల్లి

జవాబు: క్లబ్‌వాళ్లది ఉత్త మాట కాదండీ. బ్రిటన్‌లో ప్రైవేటు స్కూళ్లలో చదివేది నూటికి 7 మంది పిల్లలే. కానీ 2021లో ఇంగ్లండ్ పురుషుల జట్టుకి ఆడినవాళ్లలో 58 శాతం అక్కడ చదివినవాళ్లేనని, క్రికెట్లో సమానత్వంపై వేసిన స్వతంత్ర కమిషన్ 2023లో తేల్చింది. ఆ పిల్లలేమీ పుట్టుకతో మొనగాళ్లు కారు. రోలర్ తిప్పిన మంచి పిచ్, ఇండోర్ నెట్స్, కోచ్‌గా ఓ మాజీ కౌంటీ ఆటగాడు, అన్నిటికీ మించి స్కూలు టైమ్‌లోనే ఆట. మీ బాబుకి అంత ప్రాక్టీసు కావాలంటే ఆఫీసు నుంచి రాగానే మీలో ఒకరు కారు తీయాల్సిందే.

మీవారి మాటా కొట్టిపారేయలేం. వింబుల్డన్ టోర్నీ లాభంలో చాలావరకు ఏటా బ్రిటిష్ టెన్నిస్‌కే వెళ్తుంది. అయినా 1936లో ఫ్రెడ్ పెర్రీ గెలిచాక, అక్కడ పురుషుల సింగిల్స్‌లో మరో బ్రిటన్ ఆటగాడు గెలవడానికి 2013 దాకా పట్టింది. ఆ గెలిచిన ఆండీ మరే కూడా పదిహేనేళ్లకే ఇల్లు వదిలి బార్సిలోనా వెళ్లి ఆట నేర్చుకున్నాడు.

అలాగని సౌకర్యం లేకపోతేనే కసి పుడుతుందంటే నేను ఒప్పుకోను. ఇంగ్లండ్ క్లబ్ క్రికెట్లో దాదాపు 30 శాతం మన దక్షిణాసియా కుటుంబాలవాళ్లు. ప్రొఫెషనల్ స్థాయికి వచ్చేసరికి 5 శాతం దగ్గరే ఆగిపోతున్నారు. వాళ్లకి కసి లేకనా? 2022లో మొదలైన సౌత్ ఏషియన్ క్రికెట్ అకాడమీ, కాంట్రాక్టు దొరకని కుర్రాళ్లని చేరదీసి శిక్షణ, మ్యాచ్‌లు ఇచ్చింది. ఆ ఏడాదే వాళ్లలో కాషిఫ్ అలీని వూస్టర్‌షైర్ కౌంటీ జట్టు తీసుకుంది. ఆ కుర్రాళ్లకి కావాల్సింది ఆడి చూపించే అవకాశం, అంతే.

అప్పు మాత్రం వద్దు. 2025 జనవరి నుంచి ఆ ఫీజుల మీద 20 శాతం వ్యాట్ కూడా పడింది. స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ అంటే ఫీజంతా మాఫీ అనుకుంటారు మనవాళ్లు. చాలాచోట్ల అది కొంత తగ్గింపే. ఆదాయాన్ని బట్టి ఇచ్చే బర్సరీ వేరు, దానికి విడిగా దరఖాస్తు చేయాలి. మొహమాటపడకుండా అడగండి. రెండూ పోను మేం కట్టాల్సిందెంత, గాయమై ఆట ఆగితే సాయం కూడా ఆగుతుందా అని మెయిల్ పెట్టి, జవాబు రాతలోనే తీసుకోండి.

తొందరేం లేదు. ఇంగ్లండ్ బ్యాటర్ జో రూట్ షెఫీల్డ్‌లో గవర్నమెంటు స్కూల్లో చదివి, పదిహేనేళ్లప్పుడు స్కాలర్‌షిప్ మీద వర్క్‌సాప్ కాలేజీ అనే ప్రైవేటు స్కూల్‌కి మారాడు. ఇంగ్లండ్‌కే ఆడిన మొయిన్ అలీ, ఆదిల్ రషీద్ గవర్నమెంటు స్కూళ్లలోనే చదివారు. ఈ చలికాలం నెట్స్‌కి మీరు గుర్తుచేయకుండా కిట్ తనే సర్దుకుంటున్నాడేమో గమనించండి. ఆ ఉత్సాహం నిలబడితే సిక్స్త్ ఫామ్‌కి (పదహారేళ్ల తర్వాతి రెండేళ్ల చదువు, మన ఇంటర్ లాంటిది) మార్చే సంగతి అప్పుడు చూడొచ్చు. చదువు మాత్రం వదలనివ్వకండి. లఫ్‌బరో, డరమ్ యూనివర్సిటీల్లో డిగ్రీ చేస్తూనే గట్టి క్రికెట్ ఆడొచ్చు. ఆ దారి మీ బాబుకి మరో ఆరేళ్లకి కూడా తెరిచే ఉంటుంది.